400 డాలర్లలో వెంట ఉంచుకోదగిన పిస్టల్: ఏది కొనాలి, దేనికి ఎంత ఖర్చు చేయాలి

మీరు అడిగిన విషయాలను ముందుగా ఒకచోట చేర్చుకుంటాను. మీరు డాలస్ సమీపంలో గ్యాస్ స్టేషన్‌ను ఆనుకుని ఉన్న దుకాణం నడుపుతున్నారు. రాత్రి పదకొండు దాటాక ఆ రోజు వచ్చిన నగదుతో ఒంటరిగా కారు వరకు నడవవలసి వస్తోంది. గ్రీన్ కార్డు చేతికి వచ్చి ఏడాది అయింది. బట్టల కింద బయటికి కనబడకుండా పెట్టుకోవడానికి 400 డాలర్లలోపు పిస్టల్ కావాలి, అది జేబులో పట్టేంత చిన్నదైతే మరీ మంచిదని మీ ఆలోచన. మీ శ్రీమతి కూడా అవసరమైతే దానినే వాడగలగాలి. మిత్రుడొకరు తన పాత పిస్టల్‌ను 200 డాలర్లకు ఇస్తానంటున్నారు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలూ, హెచ్-1బీ వీసా మీద ఉన్న మీ బావమరిదీ ఉన్నారు. టెక్సస్‌లో కొత్తగా తుపాకీ పట్టేవారికి చాలా ఏళ్లుగా శిక్షణ ఇస్తున్నాను, నా దగ్గరికి వచ్చేవారిలో మన తెలుగు కుటుంబాలవారు ఏటేటా పెరుగుతున్నారు. మీ ప్రశ్నలో మీరు ఒక్క మాటగా చెప్పి వదిలేసిన అంశాలే, అంటే బావమరిది, పిల్లలు, నగదు, నా దృష్టిలో పిస్టల్ కంపెనీ పేరు కంటే ముఖ్యమైనవి.

సమాధానం ముందే చెప్పేస్తాను. జేబులో పట్టే అతిచిన్న రకం వద్దు. 250 నుంచి 330 డాలర్ల మధ్య దొరికే, మీ అరచేతికి నిండుగా అందే, 9 మిల్లీమీటర్ల (9 ఎంఎం) తూటాలు 10 లేదా 12 పట్టే పిస్టల్ కొత్తది కొనండి. అయితే మీ లెక్కలో పిస్టల్ ధర ఒక్కటే ఉంది. పన్నుతో కలిపి పిస్టల్‌కు 300 అనుకుంటే, పిస్టల్‌ను నడుముకు పెట్టుకునే ఒర, అంటే మంచి హోల్‌స్టర్‌కు 50, వంగిపోని గట్టి బెల్టుకు 40, సాధనకు 250 తూటాలకు సుమారు 75, ఆత్మరక్షణకు వాడే తూటాలు 50కి మరో 50, తాళం వేసే చిన్న ఇనుప పెట్టెకు 50 పైన, కాల్పుల సాధన చేసే రేంజ్ రుసుముకు ఒక 40 చొప్పున చూసుకుంటే మొత్తం 600 దాటుతుంది. అంత డబ్బు ఇప్పుడు లేకపోతే రెండు నెలలు ఆగి కొనండి. పిస్టల్ ఒక్కటీ ఇవాళ కొనేసి, హోల్‌స్టరూ సాధనా తరువాత చూసుకుందామనుకునేవారి పిస్టల్ వారి ప్యాంటు జేబులో తాళాల గుత్తితో కలిసి తిరగడం నేను పదేపదే చూశాను. అంతకంటే ప్రమాదకరమైన పద్ధతి మరొకటి లేదు.

చట్టం సంగతి ముందు తేల్చుకుందాం. గ్రీన్ కార్డు ఉన్నవారు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనవచ్చు. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండి ఉండాలి. 4473 అనే ఫారంలో మీరు భారత పౌరులని రాసి, గ్రీన్ కార్డు మీద ఉన్న నంబరు ఇవ్వాలి. డ్రైవింగ్ లైసెన్స్ మీద ఇప్పటి చిరునామా ఉండాలి. నేపథ్య తనిఖీలో మన పేర్లకు ఆలస్యం కావడం మామూలే, కంగారు పడనక్కరలేదు. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి సంగతి వేరు. కొన్ని మినహాయింపులు తప్ప వారు తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉండడమే ఫెడరల్ నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఆ మినహాయింపుల్లో ఒకటి, కానీ దాని మీద ఆధారపడదలచినవారు ఇమిగ్రేషన్ న్యాయవాదితో మాట్లాడకుండా అడుగు వేయకూడదు. కనుక మీ బావమరిదికి ఆ పెట్టె తాళం, కోడ్ తెలియకూడదు. సరదాగా చూపించడానికైనా తుపాకీని ఆయన చేతికి ఇవ్వవద్దు. దుకాణంలో వీసా మీద ఉన్నవారు ఎవరైనా కౌంటర్ దగ్గర నిలబడుతుంటే, గల్లాపెట్టె కింద సొరుగులో పిస్టల్ వదిలి ఇంటికి రావడం వారినీ మిమ్మల్నీ కూడా కేసులోకి లాగుతుంది. ఇంకొకరి కోసం మీ పేరు మీద కొనడం కూడా ఫెడరల్ నేరమే.

గ్రీన్ కార్డు ఉన్నవారు గుర్తుంచుకోవలసినది మరొకటి ఉంది. తుపాకీకి సంబంధించిన నేరంలో శిక్ష పడితే ఇమిగ్రేషన్ చట్టం కింద దేశం నుంచి పంపివేయడానికి అదే కారణం కాగలదు. ఇక్కడ పుట్టిన పౌరుడికి జరిమానాతో పోయే పొరపాటు మీ కుటుంబం మొత్తాన్ని కదిలించవచ్చు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, అర్హత ఉన్న 21 ఏళ్లు దాటినవారు లైసెన్స్ లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. అయినా మీరు ఎల్‌టీసీ అనే రాష్ట్ర లైసెన్స్ తీసుకోవాలనే నా సలహా. దరఖాస్తు రుసుము 40 డాలర్లు, తరగతి ఖర్చు వేరు. బడికి వెయ్యి అడుగులలోపు తుపాకీతో ఉండడాన్ని నిషేధించే ఫెడరల్ చట్టం నుంచి రాష్ట్ర లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉంది, లైసెన్స్ లేకుండా పెట్టుకున్నవారికి ఆ రక్షణ లేదు. డాలస్ శివార్లలో ఏ రోడ్డు మీద వెళ్లినా ఏదో ఒక బడి తగులుతుంది కనుక ఇది చిన్న విషయం కాదు. ఆ తరగతిలో తుపాకీతో లోపలికి రావద్దని చెప్పే 30.05, 30.06, 30.07 బోర్డుల అర్థం, ఆదాయంలో సగానికి మించి అక్కడే తాగే మద్యం నుంచి వచ్చే చోట్ల పెట్టే 51 శాతం బోర్డు, పోస్టాఫీసులోకి తుపాకీ తీసుకువెళ్లకూడదన్న నియమం, ఇవన్నీ చెబుతారు. ఇతర రాష్ట్రాలవారికి ఒక్క మాట: న్యూజెర్సీలో పిస్టల్ కొనడానికే ముందుగా అనుమతి కావాలి, కాలిఫోర్నియాలో పది రోజులు ఆగాలి, రాష్ట్రం ఆమోదించిన జాబితాలోని మోడళ్లనే డీలర్లు అమ్మాలి. నేను రాస్తున్నది టెక్సస్‌కే వర్తిస్తుంది.

చవక అంటే ఎంతవరకు అన్నది అసలు ప్రశ్న. ఈ దేశంలో చవక పిస్టళ్ల చరిత్ర చేదుది. 1970ల నుంచి 1990ల వరకు లాస్ ఏంజెలిస్ చుట్టుపక్కల కొన్ని కంపెనీలు, రేవెన్, జెన్నింగ్స్, లోర్సిన్, బ్రైకో వంటివి, జింకు మిశ్రమంతో పోత పోసిన పిస్టళ్లను నూరు డాలర్లలోపే అమ్మేవి. 1994లో కాలిఫోర్నియాలో ఒక ఇంట్లో, బ్రైకో పిస్టల్‌లోంచి తూటా తీసివేయడానికి ప్రయత్నిస్తుండగా అది పేలి ఏడేళ్ల బాలుడికి తగిలింది. ఆ పిల్లవాడు జీవితాంతం కదలలేని స్థితిలో ఉండిపోయాడు. ఆ పిస్టల్ స్లైడ్, అంటే ముందుకూ వెనక్కీ జరిగే పైభాగం, వెనక్కి లాగి చాంబర్ (పేలబోయే తూటా ఉండే గది) ఖాళీ చేయాలంటే ముందు సేఫ్టీ మీటను పేలే స్థితికి మార్చవలసి వచ్చేది. 2003లో జ్యూరీ భారీ నష్టపరిహారం విధించింది, కంపెనీ వెంటనే దివాలా తీసింది. ఇప్పుడు 250 డాలర్లకు దొరికే పిస్టళ్లు అటువంటివి కావు. ఉక్కు స్లైడు, పాలిమర్ చట్రం, కింద పడినా పేలకుండా లోపల అమర్చిన అడ్డు వాటిలో ఉంటాయి. అయినా ఇప్పటి కంపెనీలు కూడా అప్పుడప్పుడు మోడళ్లను వెనక్కి పిలిపిస్తున్నాయి, అందులో పెద్ద పేరున్నవీ ఉన్నాయి. ఉదాహరణకు స్మిత్ అండ్ వెసన్ 2020లో తయారైన కొన్ని 9 ఎంఎం షీల్డ్ ఈజెడ్ పిస్టళ్లను తూటాను పేల్చే సుత్తిలో (హ్యామర్) లోపం వల్ల వెనక్కి తీసుకుంది. ఏ పిస్టల్ కొన్నా, కొనేరోజే తయారీదారు వెబ్‌సైటులో దాని సీరియల్ నంబరు పెట్టి చూసుకోండి.

ఇప్పుడు మీరు మనసు పడ్డ చిన్న పిస్టల్ గురించి. రూగర్ ఎల్‌సీపీ తరహాలో, 380 అనే రకం తూటా వాడే పిస్టల్ ఖాళీగా మూడు వందల గ్రాముల లోపో, కొంచెం అటూ ఇటూగానో తూగుతుంది. నిజంగానే జేబులో ఉన్నట్టే తెలియదు. దుకాణంలో చేతిలోకి తీసుకున్నప్పుడు అందరికీ నచ్చేది అదే. రేంజ్‌లో దానిని పేల్చినప్పుడు ఏమి జరుగుతుందో చెబుతాను. పిడి పొట్టిగా ఉండడం వల్ల చిటికెన వేలికి చోటుండదు, కొన్ని చేతులకు ఉంగరపు వేలు కూడా సగమే ఆనుతుంది. పిస్టల్‌ను అదిమి పట్టేది ముఖ్యంగా ఆ రెండు వేళ్లే కనుక, మొదటి తూటా పేలగానే పిడి అరచేతిలో పక్కకు తిరుగుతుంది. రెండోది పేల్చే ముందు పట్టు సవరించుకోవాలి. బరువు తక్కువ కనుక వెనక్కి తన్నే దెబ్బ అంతా బొటనవేలి మొదట్లో పడుతుంది. నాలుగైదు తూటాలు పేల్చాక మనిషి తెలియకుండానే, పేలబోయే క్షణానికి ముందే పిస్టల్ ముక్కును, అంటే గొట్టం కొసను, కిందికి వంచడం మొదలుపెడతాడు. కుడిచేతి వాటం వారి కాగితం మీద రంధ్రాలన్నీ ఎడమవైపు కింద గుమిగూడతాయి. గురి చూసే మిట్టలు గోరంత కూడా ఉండవు, నలభై దాటిన కంటికి అవి చీకట్లో కనబడవు. అనుభవం ఉన్నవాడు రెండో పిస్టల్‌గా పెట్టుకోవడానికి అది బాగుంటుంది. మొదటిసారి కొనేవాడు దానితో సాధన చేయడం వారంలోనే మానేస్తాడు. సాధన లేని పిస్టల్ మీకు భద్రత ఇవ్వదు, మీ చుట్టూ ఉన్నవారికి ముప్పు తెస్తుంది.

అయిదు తూటాల తేలిక రివాల్వర్ గురించీ ఇదే మాట. నిర్వహణ సులువన్నది నిజమే, కానీ ట్రిగ్గర్ పొడవుగా బరువుగా ఉంటుంది, నాలుగు వందల గ్రాముల చట్రంలో 38 స్పెషల్ తూటా గట్టిగా తన్నుతుంది, దానితో గురి కుదరడానికి మామూలు పిస్టల్ కంటే ఎక్కువ కాలం పడుతుంది. మంచి కంపెనీది మీ బడ్జెట్‌లో కొత్తది దొరకడమూ కష్టమే.

తూటా విషయంలో ఎక్కువ తర్జనభర్జన అక్కరలేదు. 1986లో మయామీలో జరిగిన కాల్పుల తరువాత ఎఫ్‌బీఐ తూటాలను శరీరానికి బదులుగా వాడే జెలటిన్ దిమ్మల్లోకి పేల్చి పరీక్షించే పద్ధతిని స్థిరపరచింది. తూటా 12 అంగుళాలకు తక్కువ కాకుండా, 18 అంగుళాలకు మించకుండా దిగాలన్నది దాని కొలమానం. తగిలాక మొన విచ్చుకునే మంచి 9 ఎంఎం హాలో పాయింట్ తూటాలు, ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ, స్పీర్ గోల్డ్ డాట్ వంటివి, ఆ కొలతకు నిలుస్తాయి. 380 తూటాల్లో చాలావరకు విచ్చుకుంటే లోతు చాలదు, లోతుకు వెళితే విచ్చుకోదు. పైగా ఆత్మరక్షణ పిస్టళ్లకు సాధనకు కొనే తూటాల్లో 9 ఎంఎంవే సాధారణంగా చవక. ఏడాదికి వెయ్యి తూటాలు పేల్చేవారికి ఆ తేడాయే ఇంకో హోల్‌స్టర్ ధరకు సరిపోతుంది. వెంట ఉంచుకునేటప్పుడు మాత్రం సాధన తూటాలు వద్దు. అవి విచ్చుకోక, మనిషిని దాటి వెనుక ఉన్న గోడలోకో మనిషిలోకో పోయే ప్రమాదం ఎక్కువ.

మోడళ్లకు వస్తాను. ధరలు సుమారుగా చెబుతున్నవే, దుకాణాన్ని బట్టి, పండుగ తగ్గింపులను బట్టి మారతాయి. 250 డాలర్ల స్థాయిలో టారస్ జీ3సీ ఉంది. 12 తూటాలు పడతాయి, బయట సేఫ్టీ మీట ఉంటుంది, తూటా పేలకపోతే ట్రిగ్గర్‌ను మళ్లీ నొక్కే వీలుంది, పిడి పెద్ద చేతికైనా దాదాపు సరిపోతుంది. టారస్ పాత మోడళ్లు కొన్ని కింద పడితే పేలుతున్నాయన్న ఆరోపణ మీద ఆ కంపెనీ అమెరికాలో సామూహిక దావాను రాజీతో ముగించవలసి వచ్చింది, కనుక ఈ కంపెనీవి సెకండ్ హ్యాండ్ కొనడాన్ని నేను ప్రోత్సహించను. ఇప్పటి జీ3సీలను మాత్రం నా దగ్గర నేర్చుకున్నవారు ఎందరో వేల తూటాలు పేల్చి వాడుతున్నారు. అదే ధరలో రూగర్ ఈసీ9ఎస్ సన్నగా ఉంటుంది, ఏడు తూటాలే పడతాయి. దాని గురి మిట్టలు స్లైడులోనే చెక్కినవి కనుక తరువాత మార్చుకోలేరు. 300 దగ్గర రూగర్ సెక్యూరిటీ-9 కాంపాక్ట్, ఇంకొంచెం పైన రూగర్ మ్యాక్స్-9 వస్తాయి. మ్యాక్స్-9 సన్నగా ఉండి 10 లేదా 12 తూటాలు పడుతుంది, ముందు మిట్ట చీకట్లోనూ వెలుగుతుంది. రాత్రిపూట పార్కింగ్‌లో నడిచే మీకు అది నిజమైన ఉపయోగం. మీ చేతికి అందులో పిడి సరిపోతే నేను దానినే ముందు పెడతాను, సరిపోకపోతే జీ3సీ. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్, గ్లాక్ 43ఎక్స్, 2018లో వచ్చి ఈ తరహా పిస్టళ్ల తీరునే మార్చిన సిగ్ పీ365, ఇవన్నీ ఇంకా మెరుగైనవే. కానీ వాటి కోసం 450, 500 పెట్టి సాధన ఖర్చులో కోత వేసుకోవడం కంటే, మ్యాక్స్-9 కొని మిగిలిన డబ్బుతో తూటాలు కాల్చడం మేలని గట్టిగా చెబుతున్నాను. హై-పాయింట్ ఇంకా చవక, పేలుతుంది కూడా. అయితే అది ఎనిమిది వందల గ్రాములు దాటే లావుపాటి పిస్టల్, నడుముకు పెట్టుకుని పని చేయలేరు.

కొనేముందు రేంజ్‌లో అద్దెకు తీసుకుని పేల్చి చూడండి. చాలా రేంజ్‌లలో పది, ఇరవై డాలర్లకు రెండు మూడు మోడళ్లు ఇస్తారు. పిస్టల్‌ను పట్టుకుని చేయి చాచినప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉన్న లోయలో పిడి వెనుకభాగం సరిగ్గా ఒదగాలి, చూపుడువేలి మొదటి కణుపుకు ముందుండే మెత్తని భాగం ట్రిగ్గర్ మీద ఆనాలి, మూడు వేళ్లూ పిడి మీదే ఉండాలి. ఏడు గజాల దూరంలో ఒక భోజనపు పళ్లెమంత వృత్తంలో అయిదు తూటాలను తొందర లేకుండా పెట్టగలిగితే ఆ పిస్టల్ మీకు సరిపోయినట్టే.

మీ శ్రీమతికి కూడా అదే పిస్టల్ అన్న ఆలోచనను మార్చుకోవలసి రావచ్చు. చిన్న 9 ఎంఎం పిస్టళ్లలో స్ప్రింగు బిగువుగా ఉంటుంది, స్లైడు లాగడం కష్టం. ముందుగా పద్ధతి చూపండి: పిస్టల్‌ను ఛాతీకి దగ్గరగా, ముక్కు పక్కవారి వైపు తిరగకుండా పట్టుకుని, ఎడమ చేతి నాలుగు వేళ్లతో స్లైడును పైనుంచి అదిమి, కుడిచేత్తో పిడిని ముందుకు తోయాలి. లాగడం కంటే తోయడంలో బలం ఎక్కువ. అలా కూడా రాకపోతే రూగర్ సెక్యూరిటీ-380 చూడండి. 380 తూటాను నేను వద్దన్నది అతిచిన్న పిస్టల్‌లో. నడిమి పరిమాణంలో, తేలికగా లాగగలిగే స్లైడుతో అది వేరే అనుభవం. 9 ఎంఎం స్లైడు లాగలేని చేతికి, సులువుగా వాడగలిగే 380 మేలు. ఆమెకు అసలు ఇష్టం లేకపోతే బలవంతం చేయవద్దు.

మిత్రుడి పాత పిస్టల్ విషయంలో, ఆయన కూడా టెక్సస్ నివాసి అయితే ప్రైవేటు అమ్మకం చట్టబద్ధమే. అయినా ఇరవై, నలభై డాలర్లు ఇచ్చి డీలర్ ద్వారా బదిలీ చేయించుకోండి. మీ గ్రీన్ కార్డు పరిస్థితిలో కాగితం మీద రికార్డు ఉండడం మీకే మంచిది. ఆయన వేరే రాష్ట్రంలో ఉంటే డీలర్ ద్వారానే జరగాలి. సీరియల్ నంబరు చెరిగి ఉంటే దానిని ముట్టుకోకండి. లేకపోతే విప్పించి చూడండి: బ్యారెల్ లోపల గుంటలు, ఉబ్బు ఉండకూడదు, తూటా చాంబర్‌లోకి ఎక్కే వాలు నునుపుగా ఉండాలి, తూటాలు నింపే మ్యాగజైన్ బొత్తాం నొక్కగానే దానంతట అదే జారి పడాలి, ట్రిగ్గర్‌కు ఎవరైనా ఆకురాయి పెట్టి తేలిక చేసిన జాడ ఉండకూడదు. ట్రిగ్గర్ మార్చిన పిస్టల్ అయితే ఉచితంగా ఇచ్చినా వద్దు.

హోల్‌స్టర్ మీద 50 డాలర్లు ఎందుకని మీరు అడగవచ్చు. ఈ కాలపు పిస్టల్ దానంతట అది పేలదు. ట్రిగ్గర్ వెనక్కి కదిలితే పేలుతుంది, దానిని కదిపింది వేలా, చొక్కా అంచా, తాళమా అన్నది దానికి తెలియదు. అందుకే ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మీని పూర్తిగా కప్పే, కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో ఆ మోడల్‌కే అచ్చు పోసిన హోల్‌స్టర్ కావాలి. పదిహేను డాలర్లకు దొరికే, అన్ని పిస్టళ్లకూ సరిపోతుందనే గుడ్డ సంచి వద్దు. వాడివాడి మెత్తబడిన తోలు హోల్‌స్టర్ అంచు లోపలికి మడిచిపోయి, పిస్టల్ తిరిగి దూర్చేటప్పుడు ట్రిగ్గర్‌కు తగిలి పేలిన సంఘటనలు ఉన్నాయి. పిస్టల్ తీయడానికి తొందర ఉండవచ్చు, తిరిగి పెట్టడానికి ఎన్నడూ తొందర ఉండదు: చొక్కా పక్కకు తీసి, కళ్లతో చూస్తూ, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి నెమ్మదిగా దించండి. మీ పనికి సంబంధించిన సంగతి ఒకటి కూడా ఆలోచించాలి. మీరు రోజంతా కూలర్ కింది అరల్లో సీసాలు పెట్టడానికి వంగుతారు, పెట్టెలు ఎత్తుతారు, ఎత్తు స్టూలు మీద కూర్చుంటారు. కుడి తుంటికి కొంచెం వెనుకగా పెట్టుకుంటే వంగినప్పుడు పిడి చొక్కాను పొడుచుకుని బయటపడుతుంది. నడుము వంచకుండా మోకాళ్ల మీద కూర్చుని పని చేయడం అలవాటు చేసుకోండి, లేదా తుంటి ఎముక మీదికి ముందుకు జరపండి. ఖాళీ పిస్టల్‌తో ఇంట్లో వారం రోజులు తిరిగి చూస్తే ఎక్కడ కుదురుతుందో తెలుస్తుంది. మరుగుదొడ్డికి వెళ్లినప్పుడు పిస్టల్‌ను హోల్‌స్టర్‌లోంచి తీసి పక్కన పెట్టవద్దు. మరిచిపోయి వచ్చేవారు ఎంతమందో.

కొన్న తరువాత కనీసం 200 సాధన తూటాలు, మీరు వెంట పెట్టుకోబోయే హాలో పాయింట్ తూటాలు ఒక 30, ఇరుక్కోకుండా పేలేవరకు దానిని ఆత్మరక్షణకు నమ్మవద్దు. ఎల్‌టీసీ పరీక్షలో 3, 7, 15 గజాల నుంచి 50 తూటాలు పేల్చాలి, 250కి 175 వస్తే ఉత్తీర్ణత. అది కనీస స్థాయి అనుకోండి, మీ లక్ష్యం 230 ఉండాలి. డబ్బు ఖర్చు కాని సాధన ఇంట్లోనే ఉంది: తూటాలను వేరే గదిలో పెట్టి, పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు కంటితోనూ వేలితోనూ చూసుకుని, గట్టి గోడ వైపు గురిపెట్టి, ముందు మిట్ట కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం. రోజుకు పది నిమిషాలు చాలు. ఖాళీ చేసే వరస ఎప్పుడూ తప్పకూడదు. మొదట మ్యాగజైన్ తీయాలి, ఆ తరువాతే స్లైడు లాగాలి. వరస తారుమారైతే, బయటికి వచ్చిన తూటాను చూసి ఖాళీ అయిందనుకుంటారు, ఈలోపు మ్యాగజైన్‌లోంచి మరొకటి చాంబర్‌లోకి ఎక్కి ఉంటుంది. ఇళ్లలో జరిగే ఎన్నో ప్రమాదాలకు ఇదే మూలం.

పిల్లల సంగతికి వస్తే నేను ఏ మాత్రం రాజీపడను. మీ నడుము మీద లేని ప్రతి నిమిషమూ పిస్టల్ తాళం వేసిన పెట్టెలో ఉండాలి. బీరువా పైన, పరుపు కింద, చీరల మడతల మధ్య, పూజగది అటక మీద దాస్తే పిల్లలకు దొరకదనుకోవడం భ్రమ. వారు ఎక్కలేని చోటు ఇంట్లో లేదు. టెక్సస్ చట్టం ప్రకారం 17 ఏళ్లలోపు పిల్లలకు తూటాలు నింపిన తుపాకీ అందుబాటులో ఉండేలా వదిలి, అది వారికి చిక్కితే అదే నేరం, ఆ పిల్లలు పేల్చి ప్రాణం పోయినా తీవ్రంగా గాయపడినా శిక్ష పెరుగుతుంది. కారులో వదలవలసి వస్తే సీటు చట్రానికి తీగతో కట్టిన పెట్టెలో పెట్టండి, డాష్‌బోర్డు అరలో కాదు.

ఇక నగదు గురించి. దుకాణాల్లో పనిచేస్తూ దోపిడీ దొంగల చేతిలో చనిపోయిన మన పిల్లల వార్తలు మనందరినీ కలచివేస్తున్నాయి, మీ భయాన్ని నేను అర్థం చేసుకోగలను. అయినా చెబుతున్నాను: మీ మీద ఇప్పటికే తుపాకీ గురిపెట్టి డబ్బు అడిగినవాడి ముందు మీ పిస్టల్ తీయడానికి సమయం ఉండదు. డబ్బు ఇచ్చేయండి. టెక్సస్ చట్టంలో రాత్రివేళ దొంగతనాన్ని ఆపడానికి కూడా ప్రాణాంతక బలాన్ని అనుమతించే సెక్షన్ ఒకటి ఉందని దుకాణాల్లో కొందరు ధైర్యం చెబుతారు. పారిపోతున్న దొంగ వెనుక ఆ సెక్షన్‌ను నమ్ముకుని పేల్చినవారు ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరగవలసి రావచ్చు, పోయిన ప్రాణం ఎలాగూ తిరిగిరాదు. పిస్టల్ మీ ప్రాణానికీ, మీ పక్కనున్నవారి ప్రాణానికీ వేరే దారి లేనప్పుడే. అంతకంటే ముందు చేయవలసినవి చవకైనవే: పెట్టిన సమయానికే తెరుచుకునే ఇనుప పెట్టె, అంటే డ్రాప్ సేఫ్‌లో నగదు వేయండి, రాత్రి కాక పగలు, రోజూ ఒకే వేళ కాకుండా బ్యాంకుకు వెళ్లండి, కారును దీపం కింద తలుపుకు దగ్గరగా పెట్టండి, దుకాణం మూసేవేళ ఇద్దరు ఉండేలా చూసుకోండి. వీటికయ్యే ఖర్చు పిస్టల్ ఖర్చు కంటే ముందు పెట్టండి.

చివరగా, మన ఇండియా ప్రయాణాల గురించి. రేంజ్‌కు తీసుకువెళ్లిన వీపుసంచినే విమానానికీ వాడి, దాని అడుగున మిగిలిపోయిన ఒకే ఒక్క తూటాతో మన దేశపు విమానాశ్రయాల్లో పట్టుబడినవారు ఉన్నారు. అక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు నమోదవుతుంది, పొరపాటున వచ్చిందని నిరూపించుకునే వరకు తిరుగు ప్రయాణం ఆగిపోతుంది. రేంజ్‌కు ప్రత్యేకంగా ఒక సంచి కొని, తూటాలను దానిలో తప్ప ఇంకెక్కడా పెట్టకండి, ఆ సంచిని గ్యారేజీలో తాళం వేసి ఉంచండి, ఊరికి వెళ్లేటప్పుడు పెట్టెలన్నీ సర్దేముందు జేబులు, మూలలు ఒక్కొక్కటిగా చేత్తో తడిమి చూడండి.